'ఒరిజినల్ విండోస్ వేశాం' అన్న మాట నమ్మి సిస్టమ్ కొనేవాళ్లు జాగ్రత్త

మిర్యాలగూడలో తొమ్మిదేళ్లుగా డీటీపీ పని చేస్తున్నాను. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, రైస్ మిల్లుల బిల్ బుక్కులు. ఈ ఏప్రిల్‌లో ఒక్క సాయంత్రం నా పని ఫైళ్లన్నీ దాచుకున్న డీ డ్రైవ్ మొత్తం పోయింది. ఎలా పోయిందో పూర్తిగా చెప్తాను, ఎందుకంటే నల్లగొండ, దేవరకొండ, సూర్యాపేట వైపు జిరాక్స్ సెంటర్ల వాళ్లు, ఫొటో స్టూడియో వాళ్లు చాలామంది నేను కొన్నట్టే కొంటున్నారు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి, నా పాత సిస్టమ్‌లో 11 ఎక్కదన్నారు. సరే అని దీపావళికి కొత్తది కొన్నాను. సిస్టమ్‌కి 46 వేలు, దాని మీద సాఫ్ట్‌వేర్ అని ఇంకో 6,500. స్లిప్పు మీద షాపాయన తన చేత్తోనే రాశాడు: విండోస్ 11 ఒరిజినల్, ఆఫీస్, ఫొటోషాప్ లైఫ్‌టైమ్. ఆ చివరి మాట దగ్గరే నేను ఆగి అడగాల్సింది. అడోబీ 2013 నుంచి ఫొటోషాప్ కొత్త వెర్షన్లను చందా మీదే ఇస్తోంది, నెలకో ఏడాదికో కట్టాల్సిందే. కొత్త ఫొటోషాప్ లైఫ్‌టైమ్ అని ఎవరైనా అన్నారంటే అది క్రాక్, అంటే లైసెన్స్ తాళం విరగ్గొట్టిన దొంగ కాపీ, ఇంకో మాట లేదు.

ఆరు నెలలు మంచిగానే నడిచింది. సరిగ్గా ముహూర్తాల రద్దీలో స్క్రీన్ కింద కుడి మూలన 'యాక్టివేట్ విండోస్' అని పడింది. ఫోన్ చేస్తే షాపాయన "ఏం కాదన్నా, వాట్సాప్‌ల లింక్ పంపుతా, యాంటీవైరస్ బంద్ చేసి అది నడిపియ్యి, మల్ల మంచిగైతది" అన్నాడు. చేశాను. మూలన ఉన్న అక్షరాలు పోయాయి. చాయ్ తాగి వచ్చి ఒక కార్డు తెరుద్దామంటే తెరుచుకోలేదు, ఫోల్డర్‌లోకి వెళ్లి చూస్తే ప్రతి ఫైల్ పేరు చివర ఏవో నాలుగు అక్షరాలు తగిలి ఉన్నాయి, ఫొటోలన్నీ ఉత్త తెల్ల కాగితం గుర్తులైపోయాయి. ప్రతి ఫోల్డర్‌లోనూ ఒక రీడ్‌మీ ఫైల్. మీ ఫైళ్లకు తాళం వేశాం, 980 డాలర్లు కట్టండి, 72 గంటల్లోపైతే 490 చాలు అని. బ్యాకప్ లేదా అంటే ఉంది, కానీ ఆ హార్డ్ డిస్క్ ఆ టైమ్‌కి సిస్టమ్‌కే తగిలించి ఉంది, అందులోవీ పోయాయి.

పైసలు కట్టలేదు. కడితే తాళంచెవి ఇస్తారని నమ్మకం ఏముంది? యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు ఇంకొందరితో కలిసి 2016లో మొదలుపెట్టిన 'నో మోర్ ర్యాన్సమ్' అనే సైట్ ఉంది, పాడైన ఫైల్ అక్కడ పెడితే అది ఏ రకమో చెప్పి, విరుగుడు ఉంటే ఉచితంగా ఇస్తారు. నా రకానికి దొరకలేదు. మీకెవరికైనా ఇలా జరిగితే ఫార్మాట్ కొట్టే ముందు అక్కడ ఒకసారి చూసుకోండి.

ప్రెస్‌కి పంపిన పీడీఎఫ్‌లు ప్రెస్సాయన దగ్గర కొన్ని దొరికాయి. కానీ ఫాంట్ మారిపోకుండా మనం అక్షరాలను కర్వ్స్‌లోకి మార్చి పంపుతాం కదా, అవిప్పుడు ఉత్త గీతలే, ఒక్క పేరు మార్చాలన్నా కుదరదు. మిల్లు మిల్లుకూ తిరిగి పాత బిల్ బుక్ ఒక్కోటి అడిగి తెచ్చుకుని మొదటి నుంచి కొడుతున్నాను.

అసలు ఆ విండోస్ ఏంటో తర్వాత తెలిసిన అబ్బాయి ఒకరు చూపించాడు. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి రన్ బాక్స్ తెరిచి ఎస్ ఎల్ ఎం జి ఆర్, ఒక స్పేస్, స్లాష్, డి ఎల్ వి అని కొడితే చిన్న పెట్టె వస్తుంది. నా దాంట్లో 'వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్' అని ఉంది. అది కనీసం 25 కంప్యూటర్లుండే పెద్ద ఆఫీసుల కోసం పెట్టిన పద్ధతి, వాళ్ల సొంత సర్వర్‌ను చూసి మిగతావన్నీ యాక్టివేట్ అవుతాయి, ఒకసారి అయితే 180 రోజులు. క్రాక్ చేసేది ఆ సర్వర్ వేషం కట్టడమే. దీపావళి నుంచి ఏప్రిల్ దాకా లెక్క వేసుకోండి. ఒకే సిస్టమ్ ఉన్న షాపులో ఆ మాట కనిపిస్తే అమ్మినాయన్ని గట్టిగా అడగండి. కనిపించకపోయినా ధీమా వద్దు, పర్మనెంట్ అని చూపించే క్రాక్‌లూ ఉన్నాయి. అందుకే లైసెన్స్‌ను జీఎస్టీ బిల్లులో వేరే లైనులో రాస్తేనే పైసలు ఇవ్వండి.

క్రాక్ వాడనివాళ్లు ఎవరున్నారు, అంత పెద్ద కంపెనీకి మన ఆరువేలు ఒక లెక్కా అని నాతో చాలామంది అన్నారు. ప్రతి నెలా చందా కట్టడం చిన్న షాపుకు బరువే, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ నా ఆరువేలు కంపెనీకీ చేరలేదు, నాకూ దక్కలేదు. ఒరిజినల్ అని పైసలు తీసుకుని దొంగ కాపీ వేసి, దాని ప్రమాదమంతా నా నెత్తిన పెట్టాడు. పైగా కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం దొంగ సాఫ్ట్‌వేర్ అని తెలిసీ వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. అంటే ఇప్పుడు నాకు తెలిసిపోయింది కాబట్టి ఇక వాడితే తప్పు నాదవుతుంది. అన్నీ తీసేశాను. విండోస్‌కి లైసెన్స్ కొన్నాను, ఆఫీస్‌కి బదులు లిబ్రే ఆఫీస్, డిజైన్లకు ఇంక్‌స్కేప్, ఫొటోలకు జింప్. ఈ మూడూ ఉచితమే, వ్యాపారానికి వాడినా ఎవరూ అడగరు. తెలుగుకు రామభద్ర, మండలి లాంటి యూనికోడ్ ఫాంట్లు కూడా అంతే. చెయ్యి తిరగడానికి టైమ్ పడుతోంది, కార్డుకి ముందు గంట పట్టేది ఇప్పుడు రెండు గంటలు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. షాపాయన దారికి రాకపోతే నల్లగొండ వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. ఆ కేసుకు నా దగ్గర ఉన్నది ఆయన చేత్తో రాసిన ఆ స్లిప్పూ, వాట్సాప్‌లో పంపిన ఆ లింకూ. మీ దగ్గర అలాంటి స్లిప్పు ఉంటే ఇవాళే ఫొటో తీసి పెట్టుకోండి, ఇంకు వెలిసిపోవచ్చు.