కడియపులంక నర్సరీ: మొక్కలకి నాలుగు స్టార్లు, మాటకి అయిదు

సంక్రాంతి వెళ్ళిన వారానికి కడియపులంకలో ఒక నర్సరీలో పదకొండు మొక్కలు కొన్నాను. ఆరు నెలలు ఆగి ఇప్పుడు రివ్యూ రాస్తున్నా. మొక్కలు కొన్న సాయంత్రమే స్టార్లు ఇచ్చేయడమంటే పెళ్ళిచూపుల రోజే కాపురం ఎలా ఉందో చెప్పినట్టు. నర్సరీ పేరు రాయను, ఎందుకంటే కింద నాలుగు ఫిర్యాదులు కూడా ఉన్నాయి.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. కాకినాడలో మగ్గం వర్క్ చేయిస్తాను. ఇంటి ముందు గదిలో రెండు మగ్గాలతో మొదలుపెట్టా, మూడేళ్ళు చక్కగా నడిచింది, నడుస్తోంది కదా అని మెయిన్ రోడ్డు మీద పెద్ద షాపు తీసుకుని ఆరు మగ్గాలు, ఏసీ, అద్దాల వెనక బొమ్మలు, గుమ్మానికి అటు రెండు ఇటు రెండు సిమెంటు కుండీలు, అన్నీ పెట్టించా. పదకొండు నెలలకి మూసేసి మళ్ళీ ఇంటికే వచ్చా. ఆ నాలుగు కుండీలు మేడ మీద ఖాళీగా పడి ఉన్నాయని, వాటిలో మల్లె వేద్దామని కడియం వెళ్ళాను. అంతే తప్ప వ్యాపార పాఠాలు నేర్చుకోవడానికి కాదు.

ఊరి గురించి కొత్తవాళ్ళకి ఒక్క మాట. రాజమండ్రి నుంచి రావులపాలెం వైపు హైవే మీద వస్తుంటే రోడ్డుకి రెండు వైపులా నర్సరీలే. గోదావరి ఒండ్రు మట్టి, ధవళేశ్వరం నుంచి వచ్చే కాలవ నీళ్ళు, తరాలుగా అంటు కట్టే చేతులు. ఏ షెడ్డులో దూరినా మొక్కలు దొరుకుతాయి, మనిషి దొరకడమే కష్టం. నాకు అక్కడ పనిచేసే ఒక పెద్దాయన దొరికారు.

పెద్ద కుండీలకి నాలుగు మల్లెలు ఇవ్వమన్నాను. "కుండీలెంత ఉంటాయండి?" అన్నారు. చేతులు బారగా చాపి చూపించాను. "ఆయ్, అయితే ఇవ్వనండి."

సరుకు కొంటానంటే అమ్మననే మనిషిని నేను మొదటిసారి చూశా. ఆయన ఒక మల్లె మొక్కని తలకిందులు చేసి, కవరు అడుగున రెండు దెబ్బలు కొట్టి, మట్టి ముద్ద మొత్తం అరచేతిలోకి తీశారు. గుప్పెడంత ముద్ద, చుట్టూ తెల్లటి సన్న వేర్లు. "ఈ వేరు తాగేది గ్లాసుడు నీళ్ళండి. ఆ కుండీ నిండాలంటే మీరు పోసేది బిందెడు. తాగగా మిగిలిందంతా మట్టిలోనే నిలబడి వేరు కుళ్ళుద్ది. ఆకు పండి రాలుద్ది. నీళ్ళు చాల్లేదేమో అనుకుని మీరు ఇంకో బిందె పోస్తారు."

నేనేం మాట్లాడలేదు. ఆ ఇంకో బిందె నేను పోశాను. ఆర్డర్లు తగ్గాయని, షాపు ఇంకాస్త మెరిస్తే జనం వస్తారని, గాజులు తాకట్టు పెట్టి కొత్త లైట్లు వేయించాను. రెండు మగ్గాలకి సరిపడా కస్టమర్లతో ఆరు మగ్గాల అద్దె, కరెంటు, జీతాలు కట్టాను. షాపు చిన్నదయ్యో, పని బాగోకో పోలేదది.

చివరికి ఎనిమిదంగుళాల కుండీలు ఇచ్చారు. వేర్లు నిండి అడుగు రంధ్రంలోంచి బయటికి కనపడ్డాకే తర్వాతి సైజుకి మార్చాలట, అదీ ఒక సైజు మాత్రమే పైకి.

మామిడి అంటు దగ్గర మాత్రం మా ఇద్దరికీ కుదరలేదు. నేను ఏరికోరి పూత ఉన్న మొక్క తీసుకుంటే, ఆయన బొటనవేలితో ఆ పూతగుత్తిని పుటుక్కున తుంచేశారు. ప్రాణం ఉసూరుమంది. మొదటి రెండు మూడేళ్ళు పూత తీసేయాలని, లేకపోతే బలమంతా కాయకి పోయి చెట్టు ఎదగదని చెప్పారు. చెట్టుకి నిజమే. దీన్ని వ్యాపారానికి అంటగట్టి, మొదట్లో లాభం చూసుకోకండి అని చెప్పేవాళ్ళని చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. మామిడి చెట్టు శనివారం సాయంత్రం ఎవరికీ జీతం ఇవ్వక్కర్లేదు కదా.

అదే మొక్కకి ఇంకోటి చూపించారు. అంటు కట్టు కింద, నాటు కాండం నుంచి ఒక చిగురు పైదానికన్నా జోరుగా లేస్తోంది. చూడ్డానికి మొక్క భలే పెరుగుతోందనిపిస్తుంది, కానీ వదిలేస్తే బలమంతా అదే లాక్కుని పైనున్న మంచి రకాన్ని చంపేస్తుందట. గోరుతో గిల్లేశారు. నా షాపులో ఆ చిగురు ఫాల్స్, జిగ్‌జాగ్, బ్లౌజులు వదులు చేయడం. పొద్దుటి నుంచి జనం కిటకిట, రాత్రికి చూసుకుంటే టీ ఖర్చులు. ఈలోపు పెళ్ళికూతురి బ్లౌజు మగ్గం మీదే ఉండిపోయేది. ఇప్పుడు ఫాల్స్ పని పక్క వీధిలో ఒకావిడకి పంపించేస్తున్నా. ఇద్దరు పాత కస్టమర్లు అలిగారు, అలగనీ.

మల్లెలు ఇంకోవైపు వరసల్లో పుల్లల్లా ఉన్నాయి, ఆకు లేదు. చచ్చినవి అంటగడుతున్నారేమో అనుకున్నా. కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, కొన్నాళ్ళు నీళ్ళు మాన్పిస్తేనే ఎండలు ముదిరే వేళకి మొగ్గ వస్తుందన్నారు. మార్చి ఆఖరు నుంచి నిజంగానే రోజూ మూర మాలకి సరిపడా పూసింది. అందుకో మరెందుకో తెలీదు గానీ, ఈ ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవని టెన్షన్ పడి సగం రేటుకి పని ఒప్పుకోలేదు. మగ్గాల చెక్కలు బిగించుకుని, శ్రావణానికి శాంపిల్ ముక్కలు కుట్టించా.

ఇక ఫిర్యాదులు. బిల్లుకి నలభై నిమిషాలు పట్టింది, చేత్తో రాసి, రెండుసార్లు తప్పు కూడి. ఫోన్‌లో డబ్బు పంపుతానంటే నెట్ లేదు, క్యాష్ కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. కౌంటర్ దగ్గర కుర్రాడు అడగని ఎరువు బస్తా సంచిలో పెట్టబోయాడు. అన్నిటికన్నా పెద్దది, "తీసుకెళ్ళి ఎండలో పెట్టేయండి మేడం" అని వాడే చెప్పడం. గ్రీన్ నెట్ కింద పెరిగిన మొక్కని తెచ్చిన రోజే మేడ ఎండలో పెడితే తట్టుకోదు, వారం పది రోజులు నీడలో ఉంచి మెల్లగా అలవాటు చేయాలి. ఆ మాట విని రెండు మందారాలు పోగొట్టుకున్నా. ఫోన్ చేస్తే ఫొటో పంపమన్నారు, పంపాను, ఈరోజు వరకు జవాబు లేదు. పెద్దాయన దగ్గరున్న జ్ఞానం కౌంటర్ దాకా రాలేదన్నమాట. మగ్గం మీద నేను కూర్చుని, కొలతలు తీసుకోవడానికి కొత్త అమ్మాయిని పెట్టిన రోజులు గుర్తొచ్చి ఒక స్టారే కోశాను.

పిండినల్లి వచ్చినప్పుడు ఆయన చెప్పినట్టే లీటరు నీళ్ళకి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి వారానికోసారి కొట్టాను, పోయింది. పదకొండులో తొమ్మిది బతికాయి. సిమెంటు కుండీలు నాలుగూ ఇంకా ఖాళీయే, దండెం కర్రలకి ఆసరాగా పనికొస్తున్నాయి.

వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి, చేతిలో క్యాష్ ఉంచుకోండి, కౌంటర్‌లో కాకుండా షెడ్డు లోపల నీళ్ళు పెడుతున్నవాళ్ళని అడగండి. ఎర్ర గులాబీ కావాలంటే పువ్వు విచ్చుకున్న మొక్కే తీసుకోండి. ఎరుపని రాసిచ్చిన నాది మొన్న మొదటిసారి పూసింది, లేత గులాబీ రంగు.