అమ్మకు చదివి వినిపించిన ప్రేమకథలు: అయిదేళ్లకు పైగా కొరియన్ సిరీస్‌లు చూశాక

2020 మార్చిలో బడులు మూసేశాక రాజమహేంద్రవరంలోని మా ఇంట్లో మిగిలింది అమ్మా నేనూ. నాన్న పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. పగలు ఏదో ఒక పనితో గడిచిపోయేది. సాయంత్రం దీపం పెట్టాక మాత్రం ఇల్లు బావురుమనేది. షూటింగులు ఆగిపోయి టీవీలో సీరియళ్ల పాత భాగాలే తిరిగి తిరిగి వస్తున్నాయి. అప్పుడు మా బడిలో సైన్సు చెప్పే టీచరు ఫోను చేసి 'క్రాష్ లాండింగ్ ఆన్ యూ' అనే కొరియన్ సిరీస్ చూడమంది. అమ్మకు ఇంగ్లీషు రాదు. తెర కింద వచ్చే అక్షరాలను నేను తెలుగులో చదివి చెబుతాను, నువ్వు బొమ్మ చూడు అన్నాను. రోజుకొక భాగం లెక్కన పదహారు రోజుల్లో అయిపోతుందనుకున్నాం. అయిదేళ్లు దాటింది, ఇంకా చదువుతూనే ఉన్నాను.

ఈ సిరీస్‌ల గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఆ చదవడంలో తెలిసిందే. ఒంటరిగా చూసి ఉంటే సగం నాకు తెలిసేదే కాదు.

మొదటి రోజే చిక్కు వచ్చింది. దక్షిణ కొరియా వ్యాపారవేత్త యూన్ సెరి పారాగ్లైడింగ్ చేస్తుండగా సుడిగాలి లేచి, సరిహద్దు దాటి ఉత్తర కొరియాలో చెట్టుకొమ్మకు చిక్కుకుంటుంది. కింద తుపాకీ పట్టుకుని సైనికాధికారి రీ జంగ్ హ్యోక్ నిలబడి ఉన్నాడు. ఆమె అతనితో మాట్లాడుతోంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరు ఎవరిని పిలిచినా ఒకే మాట. తెలుగులో చదివేటప్పుడు అది కుదరదు. 'నువ్వు' అనాలా, 'మీరు' అనాలా? నేను తోచినట్టు 'నువ్వు' అని చదివేశాను. అమ్మ వెంటనే, "ముక్కూ మొహం తెలియని మనిషిని నువ్వు అంటుందా?" అంది.

అప్పటినుంచి చెవి అటు పెట్టాను. కొరియన్‌లో మాట చివర 'యో' అని వస్తే అది మన 'అండి' లాంటిది. కార్యాలయాల్లో, సైన్యంలో 'నిదా' అని ముగిసే మాట ఇంకా పెద్ద మర్యాద. ఆ తోకలు తెగిపోయి మాట మొండిగా ముగిస్తే అది చనువు, లేదంటే తగాదా. పేరు పక్కన 'షి' చేరిస్తే ఇంచుమించు మన 'గారు'. సెరి అతన్ని పిలిచేది 'రీ జంగ్ హ్యోక్ షి' అనే. కొట్లాటలోనూ అదే, ఏడుపులోనూ అదే. పూర్తి పేరు, పక్కన ఆ గౌరవం. ఆ ఒక్క పిలుపు నాకు ఎన్ని కౌగిలింతలకన్నా ఎక్కువ అనిపించింది. ఇంగ్లీషు అక్షరాలు చదివి ఊరుకునేవారికి ఇది అందదు. 'మీరు' నుంచి 'నువ్వు'కు దిగడానికి మనిషికి ఎంత ధైర్యం కావాలో తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఆ సిరీస్‌లో మేమిద్దరం మరిచిపోలేనిది కొవ్వొత్తి. ఆ ఊళ్లో తరచూ కరెంటు పోతుంది. సువాసన వచ్చే కొవ్వొత్తులు తెమ్మని సెరి అడిగితే, అవేమిటో తెలియక అతను మామూలువి తెస్తాడు. తరవాత ఒకరోజు సంతలో ఆమె తప్పిపోతుంది. చీకటి పడింది, తెలిసిన మొహం లేదు, బిక్కచచ్చి నిలబడింది. అప్పుడు జనం తలల మీదుగా ఒక చిన్న వెలుగు కనిపిస్తుంది. అతను కొవ్వొత్తి వెలిగించి చెయ్యి పైకెత్తి ఆమెకోసం వెతుకుతున్నాడు. ఈసారి తెచ్చింది సువాసన ఉన్నదేనని దగ్గరికొచ్చి చెబుతాడు. ప్రేమ అన్న మాటే ఎవరి నోటా రాలేదు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "కరెంటు పోతే మీ నాన్న లాంతరు ముందు వంటింట్లోకే తెచ్చేవారు" అంది. ఈ పదహారు భాగాల కథలో ఉత్తర కొరియా ఊరి ఆడవాళ్ల కబుర్లు, నలుగురు సైనికుల అమాయకత్వం నాకు ప్రేమకథతో సమానంగా నచ్చాయి. విలన్ వెంటపడే భాగాలు మాత్రం లాగి లాగి పెట్టారు. సియోల్‌లో జరిగే వెంటాట సగం తీసేసినా కథకు లోటు రాదు. ఆ జంటగా నటించిన హ్యూన్ బిన్, సోన్ యే జిన్ 2022లో నిజంగానే పెళ్లి చేసుకున్నారని చెప్పినప్పుడు అమ్మ, ఎరిగినవాళ్ల ఇంట్లో శుభకార్యమైనంత సంతోషించింది.

పిలుపుల సంగతి ఇంకా చెప్పాలి. 'ఒప్పా' అంటే ఆడపిల్లకు అన్న. ప్రేమించినవాణ్నీ అలాగే పిలుస్తారు. ఇంగ్లీషు అక్షరాల్లో దాని బదులు అతని పేరు పెట్టేస్తారు. పేరు పెట్టి పిలవడం వేరు, ఒప్పా అనడం వేరు. 'అన్నయ్య' అని చదివితే ఘోరం. చివరికి 'బావ' అని చదవడం మొదలుపెట్టాను. అర్థం సరిపోకపోయినా అందులోని తీపి సరిపోయింది. భార్యాభర్తలు పిలుచుకునే మాట 'యోబో'. 'ఇటు చూడు' అన్న మాట నుంచి అది వచ్చిందంటారు. మా నాన్న అమ్మను జీవితమంతా 'ఇదిగో' అనే పిలిచారు, అమ్మ ఆయన్ను 'ఏమండీ' అనేది. యోబో మాత్రం ఇద్దరిదీ. మొగుడూ అదే మాట, పెళ్లామూ అదే మాట. "ఇద్దరూ ఒకటే అంటారా?" అని అమ్మ రెండుసార్లు అడిగింది.

ఇక అన్నం. 'బాప్' అంటే వండిన అన్నం, భోజనం కూడా. కనిపించగానే 'బాప్ తిన్నావా' అని పలకరిస్తారు. కోపగించుకున్న తల్లి, విడిపోయిన ప్రియుడు, పొరుగింటి ముసలామె, అందరూ అడిగేది అదే. 'భోజనం చేశారా' అన్న ప్రశ్నలో ఎంత క్షమ, ఎంత బెంగ ఇమిడి ఉంటాయో మనకు తెలుసు. అందుకే ఆ మాటను అనువదిస్తున్నట్టు నాకెప్పుడూ అనిపించలేదు.

అమ్మకు అన్నింటికన్నా ఇష్టమైనది 'రిప్లై 1988'. సియోల్‌లోని సాంగ్‌మున్ డాంగ్‌లో ఒక సందు, అయిదు కుటుంబాలు, అయిదుగురు పిల్లలు. 2015, 2016ల మధ్య అక్కడి టీవీలో ఇరవై భాగాలుగా వచ్చింది. ఒక్కో భాగం మామూలు సినిమా కన్నా కాస్త తక్కువ నిడివి, అంతే. మొదటి రెండు భాగాలు మాకు ఓపిక పరీక్షే. ఎవరు ఎవరి బిడ్డో పోల్చుకోవడానికే సరిపోయింది. అయితే మొదటి భాగంలోనే ఒక ముచ్చట ఉంది. సాయంత్రం ఒక తల్లి తాను వండిన కూర గిన్నెలో వేసి పక్కింటికి పంపుతుంది. గిన్నె ఖాళీగా వెనక్కి రాకూడదు కదా, వాళ్లు ఇంకేదో పెట్టి పంపుతారు. అలా పిల్లలు గిన్నెలతో ఆ ఇంటికీ ఈ ఇంటికీ పరుగులు తీస్తూ సందులో ఎదురుపడుతూ ఉంటారు. అది వచ్చినప్పుడు నేను ఏదీ చదవలేదు, అమ్మకు అవసరమూ రాలేదు.

ఆ కథలో నడిమి పిల్ల డొక్‌సన్. అక్క పుట్టినరోజు కేకుకే కొవ్వొత్తులు మార్చి తన పుట్టినరోజూ కానిచ్చేస్తుంటే ఆ పిల్ల ఒకరోజు బద్దలైపోతుంది. గుడ్డు వేపుడు కూడా అక్కకూ తమ్ముడికీ పోగా తనదాకా రాదు. తరవాత తండ్రి విడిగా ఒక కేకు తెచ్చి సందులో కూర్చోబెట్టి చెబుతాడు: నాన్నను కావడం నాకూ ఇదే మొదటిసారి, తెలియలేదు, మన్నించు అని. ముగ్గురు పిల్లల్లో నేనూ నడిమిదాన్నే. ఆ మాటలు చదువుతుంటే గొంతు పూడుకుపోయింది. అమ్మ నా వైపు తిరగలేదు. మర్నాడు పొద్దున అడగకుండానే నాకిష్టమని పెసరట్టు వేసి పెట్టింది.

డొక్‌సన్ పెళ్లాడేది ఎవరిని అన్నదే కథను నడిపే ముడి. ఇద్దరు కుర్రాళ్లు. ఒకడు జంగ్ హ్వాన్, పైకి కటువుగా ఉంటూ మనసులోనే దాచుకునేవాడు. ఇంకొకడు తేక్, బాదుక్ అనే నల్ల, తెల్ల రాళ్ల పలక ఆటలో మేటి, మాట తక్కువ. ఎవరికి దక్కిందో ఇక్కడ చెప్పను. జంగ్ హ్వాన్ కారులో వస్తుంటే వరసగా ఎర్రదీపాలు పడే ఘట్టం గురించి మాత్రం చెప్పకుండా ఉండలేను. ఆలస్యమైంది దీపాల వల్ల కాదు, తాను తటపటాయించిన ఇన్నాళ్ల వల్ల అని అతనికి అప్పుడు అర్థమవుతుంది. మూడో మనిషిని చెడ్డవాణ్ని చేయకుండా అంత నొప్పి పుట్టించిన రచన నేను అరుదుగా చూశాను. అమ్మ అతని పక్షం, నేను తేక్ పక్షం. వారం రోజులు వాదించుకున్నాం.

మన సినిమాలు గుర్తుకు రాలేదా అంటే, వచ్చాయి. 1978లో వచ్చిన 'మరోచరిత్ర'ను అమ్మ పెళ్లికి ముందు చూసింది. అందులోనూ భాషే అడ్డం. తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి, ఏడాది పాటు కలవకూడదన్న షరతు. ఆ ముగింపు తలుచుకుంటే అమ్మకు ఇప్పటికీ కళ్లు చెమ్మగిల్లుతాయి. ఎదురుచూపును మన సినిమా రెండున్నర గంటల్లోనే చూపాలి. ఒక పాటలో ఋతువులు మారిపోతాయి. ఇక్కడ పదహారు గంటలుంటాయి కాబట్టి ఆ ఎదురుచూపులో మనమూ కూర్చుంటాం. చెయ్యి చెయ్యి తగలడానికి ఆరు భాగాలు పడితే, ఆ తగలడం మనకే తగిలినట్టుంటుంది.

నచ్చనివీ నిర్మొహమాటంగా చెప్పాలి. పాత సిరీస్‌లలో కథానాయకుడు అమ్మాయి మణికట్టు పట్టుకుని బరబరా లాక్కుపోతాడు. 2009 నాటి 'బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్' ఎంతోమందికి ప్రాణం, నేను మాత్రం అయిదో భాగంలో ఆపేశాను. బడిలో ఆ పిల్లను అందరిచేతా వేధింపజేసినవాణ్నే ఆమె ప్రేమించాలట. రోజూ పిల్లల మధ్య ఉండేదాన్ని, నాకు అది మింగుడు పడలేదు. ధనవంతుల కొడుకు, అతని తల్లి డబ్బు కవరు టేబుల్ మీద పెట్టి మా అబ్బాయిని వదిలెయ్ అనడం, సరిగ్గా సుఖపడే వేళకు లారీ వచ్చి గుద్దడం, మతిమరుపు, చివరి ముందు భాగంలో కారణం లేని ఎడబాటు. పది సిరీస్‌లు చూస్తే ఇవన్నీ కంఠతా వచ్చేస్తాయి. పన్నెండు నుంచి పద్నాలుగు భాగాల మధ్య కథ చతికిలబడటం దాదాపు ప్రతిసారీ చూశాను.

మతిమరుపు అన్నాను కానీ, అదే పాత సరుకుతో నన్ను కట్టిపడేసింది ఒక జపాన్ సిరీస్. 2022లో వచ్చిన 'ఫస్ట్ లవ్', తొమ్మిదే భాగాలు. ఉతాదా హికారు 1999లో పాడిన పాట చుట్టూ అల్లిన కథ. హొక్కైదో మంచులో టాక్సీ నడిపే స్త్రీ, ఆమె మరిచిపోయిన మొదటి ప్రేమికుడు. జపాన్ మాట నాకు చెవికి పట్టలేదు, చదవడంలో తడబడ్డాను. అయినా ఆ మంచు తెలుపు, మౌనం ఇప్పటికీ కళ్లముందున్నాయి.

ఇప్పటిదాకా చూసినవాటిలో అన్నింటికీ పైన పెట్టేది 2025 మార్చిలో వచ్చిన 'వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరీన్స్'. వారానికి నాలుగు భాగాల చొప్పున నాలుగు వారాలు వచ్చింది. మళ్లీ కొరియాదే. అక్కడి జెజు ద్వీపంలో సముద్రం అడుగుకు మునిగి ఆల్చిప్పలు ఏరే ఆడవాళ్లను హేన్యో అంటారు. ఊపిరి బిగబట్టి మునిగి, పైకి తేలి వదిలే గాలి ఈలలా వినిపిస్తుంది. అలాంటి తల్లికి పుట్టి కవయిత్రి కావాలని కలగన్న పిల్ల ఏసన్, ఆమెను చిన్ననాటినుంచీ ప్రేమించిన గ్వాన్ షిక్. పడుచు వయసులో ఏసన్‌గానూ, ఆ తరవాత ఆమె కూతురిగానూ వేసింది నటి ఐయూ ఒక్కతే. యువకుడైన గ్వాన్ షిక్‌ను చూడగానే అమ్మ, "మన తేక్ కదూ!" అంది. నిజమే, ఇద్దరూ పార్క్ బో గమే.

పెళ్లయ్యాక అత్తింట్లో మగవాళ్లకు ఒక బల్ల, ఆడవాళ్లకు వేరే బల్ల. ఏసన్ ఆడవాళ్ల వైపు కూర్చుని తింటోంది. గ్వాన్ షిక్ ఉన్నట్టుండి తన బల్లకు వీపు పెట్టి ఆమె వైపు తిరుగుతాడు. అంతే, చేసింది అదొక్కటే. పెద్దవాళ్లు నివ్వెరపోతారు. నేను చదువుతూ ఆగిపోయాను. మా ఇంట్లో మగవాళ్లు, పిల్లలు తిన్నాక గిన్నెల అడుగున మిగిలింది వంటింటి గడప దగ్గర కూర్చుని అమ్మ తినడం నా చిన్నప్పటినుంచీ చూసినదే. అమ్మ తెరవైపే చూస్తూ, "మీ నాన్న కూడా ఒకసారి వచ్చి గడప దగ్గర కూర్చున్నారు. మీ నానమ్మ చూసిందని లేచి వెళ్లిపోయారు" అంది. ఈ సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. ఆపేయనా అని అడిగితే వద్దు, వెనక్కి తిప్పి మళ్లీ పెట్టమంది.

కొత్తగా మొదలుపెట్టేవారికి నా మాట: 'క్రాష్ లాండింగ్'తో మొదలుపెట్టండి, ఊపు ఉంటుంది. 'రిప్లై'కి మూడు భాగాల ఓపిక ఇవ్వండి. 'టాంజరీన్స్' ఒక్క బిగిన చూడకండి, మనసు తట్టుకోదు. రెండు మూడు సిరీస్‌లు తెలుగు డబ్బింగులోనూ చూశాం. వంట చేసుకుంటూ వినడానికి హాయిగానే ఉంటుంది. కానీ పెదవుల కదలికకు సరిపెట్టడం కోసం మర్యాదలు తారుమారవుతాయి. చివరి భాగందాకా దాచుకోవలసిన 'నువ్వు' రెండో భాగంలోనే వచ్చేస్తుంది. వీలుంటే కొరియన్ గొంతులే వినండి, పక్కన అమ్మో అత్తయ్యో ఉంటే చదివి వినిపించండి.

పోయిన వేసవిలో అమ్మకు కంటి ఆపరేషన్ అయింది. పది రోజులు తెర చూడవద్దన్నారు. పడక మీద కళ్లు మూసుకుని, మాటలు వింటాను పెట్టు అంది. 'రిప్లై' మళ్లీ మొదటినుంచి పెట్టాను. నేను చదవడానికి నోరు తెరిచేలోపే, "వాడు ఇవాళ యో అనలేదు, కోపంగా ఉన్నాడా?" అని అడిగింది.