కూలెంట్ మార్చడం: ఇంటి ముందా, షెడ్డులోనా?

మేడారం జాతర దారిలో పస్రా దాటాక బండ్లు బారులు తీరితే ఇక చేసేదేమీ ఉండదు. ఓసారి అలా ఇరుక్కున్నప్పుడు మా కారు ఉష్ణోగ్రత ముల్లు మెల్లగా పైకి లేవడం మొదలైంది. ఏసీ ఆపి, ఇంజను వేడిని కొంతైనా లాగేస్తుందని హీటర్ పూర్తిగా తిప్పి, అద్దాలు దించుకుని చెమటలు కక్కుతూ కూర్చున్నాం. మాఘమాసంలోనే ఇలా ఉంటే మే నెలలో గతేమిటని భయం పట్టుకుంది. హనుమకొండ చేరాక, మర్నాడు పొద్దున రిజర్వ్ డబ్బాలోకి టార్చి వేసి చూస్తే, ఆకుపచ్చగా ఉండవలసిన కూలెంట్, అంటే ఇంజను వేడిని రేడియేటర్‌కు మోసుకెళ్లే ద్రవం, పలుచని చాయ్ రంగులో కనబడింది.

ఇలాంటప్పుడు మన ముందు మూడు దారులుంటాయి. తగ్గినప్పుడల్లా నీళ్లు పోస్తూ నెట్టుకురావడం, ఇంటి ముందే పాతది దించి కొత్తది నింపుకోవడం, షెడ్డుకు తీసుకెళ్లి ఫ్లష్ చేయించడం, అంటే లోపలంతా నీటితో కడిగించడం. మూడూ ఏదో ఒక కారు మీద చేసి చూసినవాణ్నే.

మొదటి దారికి మా పెద్దనాన్న గట్టి మద్దతుదారు. ఆయన చాలా ఏళ్లు అంబాసిడర్ నడిపారు. "మంచు పడే దేశాల వాళ్లకు కావాలిరా కూలెంట్, మన వరంగల్‌లో నీళ్లు గడ్డకడతాయా?" అంటారు. ఆయన మాటలో సగం నిజముంది. వేడిని మోసుకెళ్లడంలో కూలెంట్ కలిపిన నీళ్ల కంటే ఉత్త నీళ్లే మెరుగు. కానీ నీళ్లు 100 డిగ్రీలకే మరుగుతాయి, సగానికి సగం కూలెంట్ కలిపితే అది 107 దాకా వెళ్తుంది. రేడియేటర్ మూత లోపల ఒత్తిడిని పట్టి ఉంచడం వల్ల అసలు మరుగు స్థానం అంతకంటే మరో ఇరవై డిగ్రీలు పైనే ఉంటుంది. మంచు సంగతి అటుంచితే, 44 డిగ్రీల ఎండలో ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు ఆ తేడాయే మనల్ని కాపాడుతుంది.

ఆయన మరిచిపోయే సంగతి ఇంకొకటుంది. అంబాసిడర్‌ది పోత ఇనుము ఇంజను, రాగి-ఇత్తడి రేడియేటర్. ఇప్పటి కార్లలో ఇంజను హెడ్డూ, రేడియేటర్ సన్న గొట్టాలూ అల్యూమినియంతో చేసినవి. వాటికి తుప్పు పట్టకుండా చూసే మందులు కూలెంట్‌లోనే ఉంటాయి, నీళ్లలో ఉండవు. దానికి తోడు మన బోరు నీళ్లు. బకెట్‌లో వేసే హీటర్ కడ్డీకి నాలుగు నెలల్లో ఎంత మందాన తెల్లటి పొర పేరుకుంటుందో ఇంట్లో అందరం చూసిందే. అదే పొర రేడియేటర్ గొట్టాల లోపలా పట్టుకుంటుంది. దారిలో ఆగిపోయినప్పుడు తప్పక పోస్తాం, అది వేరు. దాన్నే పద్ధతిగా పెట్టుకుంటే మాత్రం కొరివితో తల గోక్కున్నట్లే.

ఇక మిగిలినవి రెండు. కూలెంట్ ఖర్చు ఎక్కడైనా ఒకటే, తేడా కూలి డబ్బుల్లోనే. కాబట్టి డబ్బును బట్టి తేల్చడం కుదరదు, లోపలున్నది ఏ స్థితిలో ఉందో దాన్ని బట్టి తేల్చాలి.

ఇంటి పని ఇలా సాగుతుంది. ఇంజను పూర్తిగా చల్లారాలి. నేనైతే రాత్రంతా వదిలేసి పొద్దున మొదలుపెడతాను. వేడి మీద మూత తిప్పితే ఆవిరి ముఖానికి కొడుతుంది, ఇందులో రెండో మాట లేదు. కొన్ని కార్లలో తాళం తీసినా ఫ్యాను తిరగవచ్చు, అందుకని బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీసి పెట్టుకోవడం మంచిది. రేడియేటర్ కింద వెడల్పాటి టబ్బు పెట్టి, కింది హోస్ పైపు క్లిప్పును కటింగ్ ప్లేయర్‌తో నొక్కి వెనక్కి జరపాలి. ఏళ్ల తరబడి కదలని రబ్బరు అక్కడ అతుక్కుపోయి ఉంటుంది. లాగితే రాదు, ప్లాస్టిక్ ముక్కు విరిగే ప్రమాదం కూడా ఉంది. రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ మెలితిప్పుతుంటే ఒక్కసారిగా సడలుతుంది, ఆ క్షణంలోనే మోచేతి దాకా తడిసిపోతాం. పాత చొక్కా వేసుకోండి.

కారు మాన్యువల్‌లో మొత్తం 4 లీటర్లు పడుతుందని ఉందనుకుందాం. టబ్బులోకి వచ్చేది 2 లీటర్లకు అటూ ఇటూ. మిగతా సగం ఇంజను లోపల, హీటర్ గొట్టాల్లో ఉండిపోతుంది. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఒకసారి దించి నింపితే పాతది సగం మిగులుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోసి, హీటర్ నాబ్ వేడి వైపు తిప్పి, థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కాక రేడియేటర్‌కు దారి తెరిచే కవాటం) తెరుచుకుని పై హోసు వేడెక్కేదాకా ఇంజను నడిపి, చల్లార్చి మళ్లీ దించితే నాలుగో వంతు మిగులుతుంది. మూడోసారికి ఎనిమిదో వంతు. ప్రతిసారీ చల్లారే దాకా ఆగాలి కాబట్టి ఆదివారం మొత్తం దీనికే సమర్పయామి.

చివర్లో ఒక చిక్కుంది. మూడోసారి దించాక కూడా లోపల 2 లీటర్లు దాదాపు ఉత్త నీళ్లే ఉంటాయి. అప్పుడు ముందే నీళ్లు కలిపి అమ్మే కూలెంట్ పోస్తే మొత్తం మీద కూలెంట్ దాదాపు పాతిక శాతమే అవుతుంది. నీళ్లు కలపని చిక్కటి కూలెంట్ 2 లీటర్లు పోస్తే దాదాపు సగానికి సగం కుదురుతుంది. రంగు చూసి కొనడం కూడా పనికిరాదు. ఏ రంగు ఏ రకానిదో కంపెనీలన్నీ కలిసి పెట్టుకున్న నియమమేదీ లేదు. మాన్యువల్‌లో రాసిన రకమే తీసుకోవాలి.

షెడ్డులో ఏం మెరుగు? అక్కడ ఒత్తిడితో నీటిని ఎదురు దిశలో పంపుతారు. అంటుకున్న తుప్పునూ బురదనూ కదిలించాలంటే మన నల్లా పైపు చాలదు. థర్మోస్టాట్ తీసి చూస్తారు, మూత పాడైతే చెబుతారు, చిక్కుకున్న గాలి బుడగలను ఓపిగ్గా వెళ్లగొడతారు. కానీ ఆ ఓపిక అన్ని షెడ్లలో దొరకదు. నేను మొదటిసారి వెళ్లిన చోట అరగంటలో పని ముగించి, చివరికి బోరు పైపు పెట్టే నింపారు, నా కళ్ల ముందే. డిస్టిల్డ్ వాటర్ డబ్బాలు మనమే కొనుక్కెళ్లి, నింపేదాకా పక్కనే నిలబడటం నయం. పాత కారుకు ఘాటైన యాసిడ్ మందుతో కడుగుతామంటే నేను ఒప్పుకోను. తుప్పే అడ్డంగా నిలిచి ఆపుతున్న చిన్న రంధ్రాలు ఆ దెబ్బకు తెరుచుకుంటాయి.

నేను తేల్చుకునేది ఒక గాజు గ్లాసుతో. మొదట దించినది గ్లాసులో పోసి వెలుతురుకు పడతాను. రంగు మారినా అవతలి వేళ్లు కనబడుతుంటే, అడుగున ఏమీ పేరుకోకపోతే, ఇంటి పనే మేలు. షెడ్డులో ఒక్క అరగంటలో చేసిన దానికంటే మూడు విడతలది శుభ్రంగా ఉంటుంది. ఎర్రమట్టి నీళ్లలా ఉండి వేళ్ల మధ్య గరగరలాడితే షెడ్డుకే వెళ్లాలి. నూనె తేలితే ఫ్లష్ మాట పక్కన పెట్టండి, ఇంజను హెడ్డు కింద సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ చూపించుకోవాలి. మా చాయ్ రంగుది మొదటి కోవలోకే వచ్చింది.

ఆ గ్లాసును మళ్లీ వంటింట్లోకి తేవద్దు. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం కూడా. వీధి కుక్కలు నాకుతాయి, పిల్లలు వేలు పెడతారు. మురికి కాలువలో పారబోయడమూ తప్పే. నేను డబ్బాల్లో పట్టి ములుగు రోడ్డులో తెలిసిన షెడ్డుకు తీసుకెళ్లాను, వాళ్లకు పాత కూలెంట్ వేసే డ్రమ్ము ఉంది. మెకానిక్ డబ్బాలు చూసి, నన్ను చూసి, "పని ఇంట్లో చేసుకుని చెత్త మాకు తెచ్చారా సార్?" అన్నాడు. డ్రమ్ము మూత మాత్రం తీశాడు.