పెళ్లిలో ఫ్యామిలీ ఫోటోల లిస్టు: కొన్నేళ్లు వాడి చూశాక

మా వాళ్లలో ఎవరి పెళ్లి కుదిరినా, కార్డులు అచ్చుకు పోయేలోపే నాకో పని తగులుతుంది. ఫ్యామిలీ ఫోటోల్లో ఎవరు ఎవరితో నిలబడాలో లిస్టు రాయడం. తిరుపతిలో, చిత్తూరులో మా ఇంటి పెళ్లిళ్లన్నిటికీ కొన్నేళ్లుగా ఇదే పద్ధతి. పనికొస్తుందా అంటే, వస్తుంది. అయితే తిరుపతి పెళ్లికి లిస్టు కంటే ముందు తేల్చుకోవాల్సింది టైము.

వేరే ఊళ్లలో ముహూర్తం అయ్యాక చుట్టాలు భోంచేసి, విడిదిలో కాసేపు నడుం వాలుస్తారు. ఇక్కడ ఆ ముచ్చట లేదు. పెళ్లికి వచ్చేవాళ్లు దర్శనం కూడా కలిపి పెట్టుకునే వస్తారు. మూడొందల రూపాయల టికెట్టు ఆన్‌లైన్‌లో ఎప్పుడో తీసుకుని ఉంటారు, దాని మీద టైము అచ్చేసి ఉంటుంది. తాళి కట్టగానే అక్షింతలు వేసి, మొదటి బంతిలో నాలుగు ముద్దలు తిని అలిపిరి దారి పడతారు. టికెట్టు దొరకనివాళ్లు తెల్లారకముందే టోకెన్ల కోసం విష్ణు నివాసం దగ్గర లైన్లో ఉంటారు. వాళ్లను తప్పు పట్టలేం, ఇంతదూరం వచ్చి స్వామిని చూడకుండా ఎలా పోతారు? ఒకసారి మా చిన్నాయన రాత్రి రిసెప్షన్‌లో నిండు జుట్టుతో సూటు వేసుకుని నిలబడ్డాడు. రాత్రికి రాత్రే కొండెక్కి, పొద్దున ముహూర్తానికి కల్యాణకట్ట నుంచి గుండుతో, గంధం పూసుకుని దిగాడు. ఆల్బమ్‌లో ఎడమ పేజీలో ఒకరు, కుడి పేజీలో ఇంకొకరు. వియ్యాలవారి పిలకాయలు ఇద్దరూ అన్నదమ్ములనుకున్నారు.

అందుకే పెద్ద గ్రూపులన్నీ రిసెప్షన్ సాయంత్రానికే పెట్టుకుంటాం, అదీ స్టేజి మీద లైను మొదలవకముందు. ఒకసారి కవర్లు పట్టుకున్న లైను కదిలిందంటే దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. చిక్కంతా పెళ్లికూతురి మేకప్ దగ్గరే. కార్డులో ఆరున్నర అని ఉంటే అమ్మాయి స్టేజి ఎక్కేసరికి ఎనిమిది. మేకప్ చేసే ఆమెకు అయిదున్నరకే అమ్మాయి రెడీగా ఉండాలని చెప్పి, ఎందుకో మాత్రం చెప్పకపోవడం నాకు బాగా పనిచేసింది. ఫోటోల కోసమని చెబితే 'ఫోటోలేగా, తర్వాతైనా తీసుకోవచ్చు' అంటారు.

ముహూర్తం బట్టల్లో తీసేవి నాలుగే: ఇద్దరి అమ్మానాన్నలతో, అవ్వాతాతలతో, తోబుట్టువులతో, మేనమామలతో. తలంబ్రాలయ్యాక, బాసికాలు తీయకముందు. హోమం పొగకు అప్పటికే అందరి కళ్లూ ఎర్రబడి ఉంటాయి, పెళ్లికొడుకు మూడు గంటలకు లేచిన మనిషి. అంతకు మించి ఆశపడితే ఫోటోలో నీరసమే కనిపిస్తుంది. పంతులుగారికి ముందురోజే 'స్వామీ, మాకొక అయిదు నిమిషాలు ఇప్పించండి' అని చెప్పుకుంటే ఆయనే గుర్తుపెట్టుకుని పిలుస్తారు. అప్పటికప్పుడు మధ్యలో దూరితే విసుక్కుంటారు, న్యాయమే కదా.

లిస్టులో పేర్లు రాస్తే ఎవరికీ అర్థం కాదని చాలా త్వరగా తెలిసిపోయింది. మాలో మనుషులకు ఊరే పేరు. పీలేరు అత్త, పుత్తూరు మామ, వేలూరు వాళ్లు. అలాగే రాస్తాను. పిలవడానికి కుర్రాళ్లు పనికిరారు. పెళ్లికొడుకు ఫ్రెండు మైకు పట్టుకుని 'ఫ్యామిలీ మెంబర్స్ అందరూ స్టేజి మీదికి రావాలి' అంటే ఒక్కరూ కదలరు. అదే మా పీలేరు అత్త చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి డైనింగ్ హాలు గుమ్మంలో నిలబడి, 'ఏమయ్యా పుత్తూరాయనా, ఆ వడ చేతిలోనే పట్టుకుని రా, ఫోటో అయినాక తిందువుగానీ' అందంటే ఎంతటివాడైనా లేచి రావాల్సిందే. అటువైపు నుంచి కూడా అలాంటి మనిషి ఒకరు ఉండాలి. మనం వెళ్లి వియ్యాలవారిని పిలిస్తే మర్యాదలతోనే సరిపోతుంది.

ఈ లిస్టు వల్ల నాకు నచ్చిన లాభం ఇంకొకటుంది. తాత పోయాక మా అవ్వ శుభకార్యంలో ముందుకు రాదు. స్తంభం పక్కన కుర్చీ వేసుకుని 'నేనెందుకులేరా' అంటుంది. ఇప్పుడు లిస్టులో మొదటి గ్రూపు ఆమెదే. కుర్చీ ముందే స్టేజి మధ్యలో వేసి, పేరు పెట్టి పిలిచాక ఇక ఆమె కాదనలేదు, పక్కవాళ్లూ నోరెత్తరు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల గ్రూపులన్నీ ముందు ముగించి, వాళ్లను దింపేశాకే మిగతావి.

ఒక్కో గ్రూపుకు రెండు మూడు నిమిషాలు పడుతుంది. పన్నెండు గ్రూపులంటే దాదాపు అరగంట, కాబట్టి అంతకు మించి రాయను. ఒక్కో గ్రూపును ఎన్నిసార్లు తీయాలన్నదానికి లెక్క ఉంది. ఆస్ట్రేలియాలో నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ అనే ఇద్దరు, గ్రూపు ఫోటోలో ఎవరో ఒకరు కళ్లు మూసుకునే సంగతి లెక్కగట్టి 2006లో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే) బహుమతి కొట్టారు. ఇరవై మంది లోపు గ్రూపైతే మనుషుల సంఖ్యను మూడుతో భాగించాలి, వెలుతురు చాలకపోతే రెండుతో. పదిహేను మందికి మంచి వెలుతురులో అయిదు ఫోటోలు. ఇది చెప్పాక మా ఫోటోగ్రాఫర్లు ఒక్క క్లిక్‌తో 'ఓకే సార్' అనడం మానేశారు. ఒక పెళ్లిలో మాత్రం ఒకాయన బాగా దగ్గరగా నిలబడి వైడ్ లెన్సుతో తీశాడు. అంచుల్లో ఉన్న మా అక్కా వదినా అడ్డంగా సాగి బూరెల్లా వచ్చారు. వాళ్లిద్దరూ ఇప్పటికీ నాతోనే పోట్లాడతారు. అందుకని ఇప్పుడు కాస్త వెనక్కి జరిగి తీయమని ముందే చెబుతాను. రెండు వరుసలుంటే లెన్సు ఎంత తెరుచుకోవాలో చెప్పే ఎఫ్ నంబరును 5.6 కన్నా తగ్గించొద్దని కూడా. లేకపోతే వెనక వరుస మసకబారుతుంది.

గూగుల్ షీట్స్‌లో రాసి అందరికీ షేర్ చేయడం రాసేటప్పుడు సుఖమే. పెళ్లిరోజు మాత్రం దండగ. ఆ గోలలో ఫోన్ ఎవరు తెరుస్తారు? పైగా షేర్ చేసినవాళ్లందరూ తలా ఒక గ్రూపు కలిపేస్తారు. ఏ4 కాగితం మీద పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి రెండు వైపుల పిలిచేవాళ్లకు చెరొకటి, ఫోటోగ్రాఫర్‌కు ఒకటి ఇస్తే చాలు.

దీనితో వచ్చే తలనొప్పి అలకలు. లిస్టులో లేనివాళ్లకు లిస్టు ఉందని తెలియకూడదు, తెలియకుండా ఉండదు. చివర్లో 'మిగిలినవాళ్లు' అని ఒక గ్రూపు ఖాళీగా ఉంచుతాను, సగం అలకలు అక్కడే తీరతాయి. తక్కినవి తీరవు.

తిరుమలలో టీటీడీ కల్యాణ వేదికలో పెళ్లి పెట్టుకున్నవాళ్లకు ఈ లిస్టు అక్కర్లేదు. అక్కడ ఉండేది ఎక్కువగా దగ్గరివాళ్లే. గుళ్లోకి ఫోనూ కెమెరా ఎలాగూ రానివ్వరు. కింద రిసెప్షన్ పెట్టుకుంటే ఆ సాయంత్రానికి రాసుకోండి. యాభై మంది లోపు పెళ్లైనా ఇంతే, నోటితో పిలిస్తే సరిపోతుంది.