ఒలిచిన గుల్లల మాంసం కవరులో కట్టి అమ్ముతుంటే కొనకండి

రెండు వారాల కిందట ఆదివారం పొద్దున విజయవాడలో కాలువ గట్టు మీద "కాకినాడ గుల్లలు" అని కేకలు వేస్తూ అమ్మిన మనిషి దగ్గర మీలో ఎవరైనా కొని ఉంటే, ముందు ఈ పోస్టు చివరి పేరా చదవండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

నేను కిలో కొన్నాను, 240 రూపాయలు. పెంకులు తీసేసిన మాంసాన్ని నీళ్లతో సహా ప్లాస్టిక్ కవరులో ముడివేసి ఇచ్చాడు. మా పుట్టిల్లు కాకినాడ వైపు. చిన్నప్పుడు మా అమ్మ గుల్లల్లో మామిడికాయ ముక్కలు వేసి కూర చేసేది. ఆ ఊరి పేరు వినగానే ప్రాణం లేచివచ్చింది, పెంకులు ఏవని అడగాలని కూడా తోచలేదు. "మీకు ఒలిచే శ్రమ లేకుండా తెచ్చానమ్మా, తెల్లవారుజామున దిగిన సరుకు" అన్నాడు. నమ్మాను.

ఇంటికి వచ్చి ముడి విప్పగానే బురద వాసన కొట్టింది. ఉప్పు, పసుపు వేసి నాలుగుసార్లు కడిగాను. నీళ్లు తేటపడ్డాయి గాని వాసన పోలేదు. అక్కడే ఆగి ఉండవలసింది. ఎక్కువసేపు ఉడికితే రబ్బరులా సాగుతుందని, పెద్ద మంట మీద మూడు నాలుగు నిమిషాలు వేయించి దించేశాను. మామయ్యగారు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని "చెరువు వాసన వస్తోందమ్మా" అని పళ్లెం పక్కకు జరిపారు. నేను, మావారు, తొమ్మిదేళ్ల మా బాబు తిన్నాం.

రాత్రి పదకొండుకు బాబుకు వాంతులు మొదలయ్యాయి. తెల్లవారేసరికి ముగ్గురికీ వాంతులు, విరేచనాలు. బాబు పెదవులు ఎండిపోయి, కళ్లు లోపలికి పోయి, పిలిస్తే పలికే ఓపిక కూడా లేకుండా పడి ఉన్నాడు. ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాం. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. మామయ్యగారికి మాత్రం ఏమీ కాలేదు. ఏ క్రిమి వల్ల అనేది పరీక్షల్లో తేలలేదు గాని, ఆ మాంసమే కారణమై ఉంటుందని డాక్టరు అన్నారు.

ఇంటికి వచ్చాక సింకు జాలీలో ఒక పెంకు ముక్క దొరికింది. బొటనవేలి గోరంత ఉంటుంది, పలుచన. పైన నలుపు కలిసిన ఆకుపచ్చ పొర, గోటితో గీకితే పొట్టులా లేచింది. తిప్పి చూస్తే లోపల ముత్యపు మెరుపు. కిటికీ దగ్గర పట్టుకుంటే అందులో ఊదా, గులాబీ రంగులు కదిలాయి. మా వైపు సముద్రపు గుల్లల పెంకు దళసరిగా ఉంటుంది, లోపల పింగాణీ గిన్నెలా తెల్లగా ఉంటుందే తప్ప ఇలా మెరవదు. ఇది చెరువుల్లో, కాలువల్లో బురదలో సగం కూరుకుని బతికే మంచినీటి ఆల్చిప్ప.

మరుసటి ఆదివారం మావారు ఆ పెంకు ముక్క తీసుకెళ్లి ఆ అమ్మిన మనిషికి చూపిస్తే, "చెరువు సరుకే సార్, ఎవరికీ ఏమీ కాలేదే" అన్నాడట. ఏ చెరువని అడిగితే జవాబు లేదు. ఆల్చిప్పలు అమ్మినందుకు నాకు కోపం లేదు. చెరువు సరుకుకు సముద్రం పేరు పెట్టి, నేను అడగవలసిన ఒక్క ప్రశ్న నా నోట రాకుండా చేశాడు, అందుకు కోపం.

మంచినీటి ఆల్చిప్పలు తినకూడనివేమీ కావు. జార్ఖండ్, బీహార్, బెంగాల్, ఈశాన్య రాష్ట్రాల్లో ఎందరికో అవి ఇంటి కూర, మాంసకృత్తులు బాగా ఉంటాయి. కష్టమంతా అవి పెరిగిన నీటితోనే. చేపను కొంటే పొట్ట తీసేసి కండ తింటాం. ఆల్చిప్పను పొట్టతో సహా తింటాం. అది కదలకుండా ఒకచోట కూర్చుని, నీటిని లోపలికి పీల్చి, అందులోని నలుసులను వడగట్టుకుని బతుకుతుంది. పెద్దదైతే రోజుకు పదుల లీటర్లు వడగడుతుంది. ఆ నీటిలో ఊరి మురుగు కలిస్తే ఆ క్రిములు, ఫ్యాక్టరీ నీళ్లు కలిస్తే సీసం, కాడ్మియం అన్నీ దాని ఒంట్లో చేరతాయి. బాగా ఉడికిస్తే క్రిములు చస్తాయి, లోహాలు ఎక్కడికీ పోవు. ఎండాకాలం చెరువు మీద పచ్చటి రంగులా తేలే నీలి ఆకుపచ్చ నాచు విషం కూడా వంట వేడికి విరగదు. ఒకటి రెండు రోజులు శుభ్రమైన నీటిలో ఉంచితే ఇసుక, కొంత బ్యాక్టీరియా వదులుతాయి. వైరస్‌లు అంత తేలిగ్గా వదలవు.

సముద్రపువైతే భయం లేదనుకోవడమూ పొరపాటే. 1988లో షాంఘైలో మురుగు కలిసిన తీరపు నీటి గుల్లలను పచ్చిగా, సగం ఉడికించి తిని దాదాపు 3 లక్షల మంది హెపటైటిస్-ఎ (కాలేయానికి సోకే వైరస్ జబ్బు) బారిన పడ్డారు.

కాబట్టి కొంటే పెంకుతో, ప్రాణంతో ఉన్నవే కొనండి. నోరు తెరిచి ఉన్నదాన్ని వేలితో తడితే మూసుకోవాలి. మూసుకోకపోతే, పగిలి ఉంటే పక్కన పడేయండి. ఏ నీటివో అడగండి, చెప్పలేకపోతే వదిలేయండి. వండేటప్పుడు పెంకు విచ్చుకోగానే దించకండి. హెపటైటిస్-ఎ వైరస్ చావాలంటే మాంసం లోపలి దాకా 90 డిగ్రీల వేడి కనీసం ఒకటిన్నర నిమిషం తగలాలి. నేను చేసిన వేపుడులో ఆ వేడి లోపలికి అందిందో లేదో. నాలా రబ్బరు అవుతుందని భయపడకండి, సాగితే సాగనివ్వండి.

ఇక ఆ ఆదివారం కొన్నవారికి. వాంతులు, విరేచనాలు తగ్గిపోయాయని నిశ్చింతగా ఉండకండి. హెపటైటిస్-ఎ సోకితే లక్షణాలు 15 నుంచి 50 రోజుల లోపు ఎప్పుడైనా బయటపడవచ్చు. జ్వరం, ఆకలి లేకపోవడం, వికారం, మూత్రం ముదురు పసుపుగా రావడం, కళ్లు పచ్చబడటం కనిపిస్తే నాటుమందుకు పోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఈ గుల్లలు తిన్న తేదీ తప్పకుండా చెప్పండి. ఇంట్లో గర్భిణులు, కాలేయ జబ్బు ఉన్నవారు తిని ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఈరోజే వెళ్లండి. ఫ్రీజరులో ఆ మాంసం ఇంకా మిగిలి ఉంటే పారేయండి, కుక్కలకూ పిల్లులకూ పెట్టకండి.