ఫ్రీకీ ఫ్రైడే: 1976దా, 2003దా?

తల్లీకూతుళ్ల శరీరాలు తారుమారయ్యే ఈ హాలీవుడ్ సినిమాను పిల్లలతో చూడాలంటే 2003దే ముందు పెట్టండి. 1976 సినిమాలో తల్లీకూతుళ్లు ఒకే క్షణంలో కోరుకోగానే శరీరాలు మారిపోతాయి, అంతే. 2003లో ఫార్చ్యూన్ కుకీ (లోపల జోస్యం చీటీ పెట్టే బిస్కెట్)లోని చీటీ షరతు పెడుతుంది: నిస్వార్థమైన ప్రేమ చూపితేనే ఎవరి ఒళ్లు వాళ్లకు. పైగా మర్నాడే తల్లి రెండో పెళ్లి. అందుకే ప్రతి సీనుకూ తొందర ఉంటుంది.

గిటార్ సీను చూడండి. స్టేజీ మీద కూతురి ఒంట్లో ఉన్న తల్లికి వాయించడం రాదు. తెర వెనక తల్లి ఒంట్లోని కూతురు వాయిస్తుంటే, ఈమె తీగల మీద చేతులు ఆడిస్తుంది. ఈ సీను నవ్విస్తూనే ఇద్దరినీ దగ్గర చేస్తుంది.

పాతదాంట్లో పొంగిపొర్లే వాషింగ్ మెషీన్ నవ్విస్తుంది గానీ, అది తీసేసినా కథ ఆగదు. అయితే అందులో తల్లిగా వేసిన బార్బరా హారిస్ నటన కోసమైనా వదలకండి. నడకలోనే టీనేజీ పిల్ల కనిపిస్తుంది.