పెద్దయ్యాక కుంగ్ ఫూ: ఏ స్టైల్ ఎంచుకోవాలి? పదేళ్ళు దాటిన వింగ్ చున్ సాధన తర్వాత నా సమీక్ష

"ఈ వయసులో కుంగ్ ఫూ మొదలుపెడితే ఏ స్టైల్ మంచిది?" అని నన్ను అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. చాలావరకు ముప్పై ఐదు దాటినవాళ్ళు, రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్ళు. నేనూ ఆ వయసులోనే, హైదరాబాద్‌లో, ఆఫీసుకు ముందు పొద్దున్నే క్లాసుకు వెళ్తూ మొదలుపెట్టాను. మొదట కొన్ని నెలలు హుంగ్ గార్ చేశాను, తర్వాత వింగ్ చున్‌లో స్థిరపడ్డాను. మధ్యలో, నెమ్మది కదలికల తైచీలో ఒక రకమైన చెన్ తైచీ కూడా కొంతకాలం నేర్చుకున్నాను.

డెమోలో కనిపించే ఎగిరే తన్నులూ కత్తి విన్యాసాలూ చూసి స్టైల్ ఎంచుకోవద్దని నా గట్టి అభిప్రాయం. అక్కడ మొదటి రెండేళ్ళు రోజూ ఏం చేయిస్తారో కనుక్కోండి. ఉద్యోగం, పిల్లలు, ట్రాఫిక్ మధ్య మీరు కొనసాగుతారా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది.

హుంగ్ గార్ దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌ది. ప్రసిద్ధ మాస్టర్ వాంగ్ ఫే హుంగ్ ఈ సంప్రదాయంవాడే. గుర్రం ఎక్కినట్టు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడే గుర్రపు స్టాన్స్‌లో తొడలు దాదాపు నేలకు సమాంతరంగా వచ్చేదాకా దిగి అలాగే నిలబడాలి. చాలామంది గురువులు మొదట నేర్పే ఫారం (ఒంటరిగా, వరుసగా చేసే కదలికల క్రమం) 'గుంగ్ జీ ఫుక్ ఫూ' బాగా పొడవు, అది ఒంటబట్టడానికే చాలాకాలం పడుతుంది. తొడలకు, నడుముకు వచ్చే బలం మాత్రం అద్భుతం. రోజూ గంట సమయం ఇవ్వగలిగి, మోకాళ్ళు బాగున్నవాళ్ళకు నేను దీన్ని మనస్ఫూర్తిగా చెబుతాను. నా పనివేళలకు అది కుదరలేదు.

ఉత్తరాది స్టైల్స్, ముఖ్యంగా చాంగ్‌చువాన్, చూడటానికి ఎంతో అందంగా ఉంటాయి. కానీ ఒక కాలు పూర్తిగా చాచి, రెండో కాలి మీద నేలదాకా కూర్చునే పూ బూ లాంటివి మొదట్లోనే వస్తాయి. తొడ వెనక కండరాలు పట్టేసిన మనలాంటివాళ్ళకు ఒళ్ళు సాగడానికే ఏళ్ళు పడుతుంది.

ఇక వింగ్ చున్. దీని ప్రముఖ గురువు ఇప్ మాన్ 1893లో ఫోషాన్‌లో పుట్టారు. హాంగ్ కాంగ్ వెళ్ళాక 1950 ప్రాంతంలో అక్కడి రెస్టారెంట్ కార్మికుల సంఘంలో నేర్పడం మొదలుపెట్టారు. ఈ విషయం నాకు చాలా ఇష్టం. పగలంతా పనిచేసి అలసిన పెద్దవాళ్ళకు, ఇరుకు గదుల్లో నేర్పుతూ వచ్చిన విద్య ఇది. తక్కువ చోటు చాలు. మొదటి ఫారం 'సియు నిమ్ తావ్'లో అడుగు కూడా కదపం. ఒకే స్టాన్స్‌లో నిలబడి చేతులతోనే మొత్తం చేస్తాం. అపార్ట్‌మెంట్ బాల్కనీ సరిపోతుంది. ఖాళీ చేతి ఫారాలు మూడే: సియు నిమ్ తావ్, చమ్ క్యూ, బ్యూ జీ. ఇప్ మాన్ పరంపరలో చెక్కబొమ్మ మీద చేసే ఫారంలో 116 కదలికలు. ఆయుధాలు రెండు, పొడవాటి కర్ర, జంట కత్తులు. కర్ర అంటే మన కర్రసాములా గిరగిరా తిప్పడం అనుకోవద్దు. చాలా పొడుగు, బరువు. పొడవడం, నొక్కడం, పక్కకు కొట్టడం, అంతే. పాఠ్యాంశం ఇంత చిన్నది కాబట్టే పెద్దవాళ్ళకు ఇది చేతికందుతుంది.

నన్ను ఇన్నేళ్ళు కట్టిపడేసింది చీ సావ్. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ముంజేతులు ఆనించి గుండ్రంగా తిప్పుతారు. అరచేయి పైకి ఉంటే టాన్, మోచేయి పైకి లేస్తే బాంగ్, ఎదుటివాడి చేతిపై ఆనితే ఫుక్. తిప్పుతూ తిప్పుతూ ఖాళీ దొరికినప్పుడు కొట్టాలి, రెండోవాడు ఆపాలి. రద్దీ బస్సులో పక్కవాడు ఎటు ఒరుగుతాడో చూడకుండానే ఒంటికి తెలిసినట్టు, కొన్నాళ్ళకు ఎదుటి చేతి ఒత్తిడిని బట్టే అది ఎటు వస్తుందో తెలుస్తుంది. బలం కంటే పొందిక ముఖ్యం కాబట్టి నాకన్నా పదిహేనేళ్ళు చిన్నవాళ్ళతోనూ చేయగలుగుతున్నాను. భుజాలు బిగబట్టే అలవాటు, కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళందరికీ ఉండేదే, నాకు దీనివల్లే పోయింది. కోపంగా ఉన్నా, టెన్షన్‌గా ఉన్నా చేతుల్లో వెంటనే తెలిసిపోతుంది. నాతో సాధన చేసేవాడు మొహం మీదే చెప్పేస్తాడు.

లోపాలు కూడా చెప్పాలి. చీ సావ్ చేతులు తగిలిన దగ్గర మొదలవుతుంది. నిజంగా గొడవ జరిగితే అవతలివాడు రెండడుగుల దూరం నుంచి వస్తాడు, పట్టుకుని కింద పడేయాలని చూస్తాడు. ఆ దూరాన్ని దాటడం చాలా వింగ్ చున్ క్లాసుల్లో సరిగా నేర్పరు. గ్లవ్స్ వేసుకుని స్పారింగ్ (ఇద్దరూ నిజంగా తలపడే సాధన) చేయని చోట ఏళ్ళ తరబడి నేర్చుకున్నా ఆ ధైర్యం రాదు. 2017లో చైనాలో ఎం.ఎం.ఎ. (అన్ని రకాల పోరాట పద్ధతులూ కలిసిన పోటీ) ఫైటర్ షూ షియావోడాంగ్‌తో తలపడ్డ తైచీ మాస్టర్ వే లే అర నిమిషం కూడా నిలబడలేకపోయాడు. ఆ వీడియో చూసి చాలామంది కుంగ్ ఫూనే కొట్టిపారేశారు. నాకు అనిపించేది వేరు: ఒత్తిడిలో ఎదురుతిరిగే మనిషితో సాధన చేయకపోతే ఏ స్టైలైనా అంతే. గుద్దులు, తన్నులు, పడేయడాలు అన్నీ ఉన్న సాండా కూడా చైనాదే. మణిపూర్ అమ్మాయి రోషిబినా దేవి 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచింది అందులోనే. మీ లక్ష్యం ఆత్మరక్షణే అయితే, ఎదురుదెబ్బ తినడానికి సిద్ధమైతే, సాండా వైపు చూడండి.

రెండో లోపం మోకాళ్ళు. వింగ్ చున్ స్టాన్స్‌లో పాదాలు లోపలికి తిరిగి ఉంటాయి. ఆ తిప్పు తుంటి దగ్గర నుంచి రావాలి. మోకాళ్ళను మాత్రమే లోపలికి నొక్కితే నొప్పులు తప్పవు. గాలిలో గొలుసు గుద్దులు (ఒకదాని వెంట ఒకటి ఆగకుండా వేసే గుద్దులు) వేసేటప్పుడు మోచేయి పూర్తిగా లాక్ అయ్యేలా విసరడం కూడా ప్రమాదమే. మాస్టర్ ఈ రెండూ గమనించి సరిచేస్తున్నాడా అన్నది ట్రయల్ క్లాసులో నేను మొదట చూసే విషయం. నాలుగు రోజుల ముందు చేరినవాళ్ళు ఎలా నిలబడుతున్నారో చూడండి, సీనియర్లను కాదు.

ఇంకొన్ని చూడాల్సినవి: మీ వయసువాళ్ళు అక్కడ ఉన్నారా, శిష్యులు ఒకరినొకరు ముట్టుకుని సాధన చేస్తున్నారా, మాస్టర్ మీ ప్రశ్నకు చేతితో చేసి చూపిస్తున్నాడా. ముట్టుకోకుండానే మనిషిని పడేసే 'చీ శక్తి' (ఒంట్లోని అంతశ్శక్తి అంటారు) డెమో ఉంటే అక్కడ చేరకండి. మన ఊళ్ళలో కరాటే, కుంగ్ ఫూ రెండూ ఒకే బోర్డు మీద రాసి ఉంటాయి. అది తప్పేమీ కాదు. కానీ ఏ స్టైల్, ఎవరి పరంపర అని అడిగితే సూటిగా జవాబు రావాలి. ఏడాది ఫీజు ముందే కట్టమంటే నెలనెలా కడతామనండి.

నన్నడిగితే, నలభైల్లో ఉండి వారానికి రెండు మూడు పూటలు దొరికేవాళ్ళకు వింగ్ చున్, తోడుగా ఏదో ఒకచోట స్పారింగ్. యాభై దాటి, పడిపోతామన్న భయం ఉన్నవాళ్ళకు తైచీ. తైచీలోని యాంగ్ పద్ధతి నుంచి 1956లో కుదించిన 24 కదలికల ఫారం ఐదారు నిమిషాల్లో అయిపోతుంది. చెన్ తైచీ ఇంకా లోతుగా ఉంటుంది, నాకు అది ఎక్కువ నచ్చింది, కానీ అందులో నడుము తిప్పుళ్ళు, కిందికి దిగడాలు ఎక్కువ. మోకాలి నొప్పి ఉన్నవాళ్ళు డాక్టర్‌కు ఒకసారి చూపించుకుని, మొదటి ఏడాది మోకాళ్ళు ఎక్కువ వంచని ఎత్తు స్టాన్స్‌లోనే చేయిస్తారా అని కనుక్కుని చేరండి.